సర్ గిల్బర్టు వాకరుగారి జీవితము

వానల రాకపోకలకు కారణములను లెక్కలలో వెదకిన యొక మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

వాకరుగారు 1868లో ఇంగ్లండునందలి రాచ్‌డేలున జన్మించిరి. 1889లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథములైరి. 1899లో ఋతుపవనము తప్పి హిందూదేశమున లక్షలకొలది జనులు క్షామమునకు బలియైరి. 1904లో వాకరుగారు ఇచ్చటి వాతావరణశాఖకు అధిపతులై 1924 వఱకు పనిచేసిరి. గుమాస్తాలచే పలుదేశముల వాయుపీడన, వర్షముల లెక్కలను గూర్పించి సరిపోల్చిరి. పసిఫిక్ సముద్రముపై పీడనము హెచ్చినపుడు హిందూ మహాసముద్రముపై తగ్గుననియు, తక్కెడవంటి యీ యూపునకు మన వానలతో సంబంధము గలదనియు కనుగొనిరి.

అడవులు నఱుకుటచే దేశపు శీతోష్ణస్థితియే మారెనని నాడు కొందఱు తలచిరి. వాకరుగారు పూర్వపు లెక్కలను శోధించి, శాశ్వతమైన మార్పునకు నిదర్శనము లేదని 1910లో తేల్చిరి. వారు 1958లో కాలధర్మము నొందిరి.

అటుపిమ్మట బొగ్గుపులుసు వాయువు మిక్కిలి పెరిగి భూమి వేడెక్కుచున్నదని రుజువైనది. అయినను ఒక్క వడగాడ్పును జూచి శాస్త్రజ్ఞులు తీర్పు చెప్పరు. ఆ వాయువు పెరిగిన లోకమును, పెరుగని లోకమును కంప్యూటరులలో గణించి, అట్టి వడగాడ్పు ఏ లోకమున నెన్నిమారులు వచ్చునో పోల్చుదురు. పూర్వపు లెక్కలతోను సరిచూతురు. ఆ భేదమునుబట్టియే మానవులవలన గలిగిన పాలు ఎంతయో తెలియును.

నాడు వాకరుగారు లేదనుటకును, నేటివారు కలదనుటకును ఆధారము సత్యమైన లెక్కయే. చిరంజీవులగు మా విద్యార్థులు తొందరపాటు మాని, నిదర్శనము జూచి పలుకుటను వీరినుండి నేర్చుకొందురు గాక.