చిల్లుల రేకుల గుమాస్తా

బొమ్మ కార్లను ముక్కలుగా కొని, బిగించి, మళ్ళీ విప్పి తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్ళు స్మరించుకోవలసిన వ్యక్తి ఫ్రాంక్ హార్న్‌బీ. 1863లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జన్మించాడు. ఇంజనీరింగు చదువుకోలేదు. మాంసం దిగుమతి చేసే కంపెనీలో లెక్కలు రాసే గుమాస్తా.

తన పిల్లల కోసం ఇంట్లో రేకు కత్తిరించి క్రేన్లు, వంతెనలు చేసేవాడు. ఒకదానికి చేసిన ముక్క ఇంకోదానికి పనికొచ్చేట్టు చేయడమెలా? అన్నిటికీ అరంగుళం ఎడంతో ఒకే కొలత చిల్లులు వేశాడు. ఇక ఏ ముక్కనైనా ఎక్కడైనా నట్టు, బోల్టుతో బిగించవచ్చు! యజమాని దగ్గర అప్పు తీసుకుని 1901లో పేటెంటు పొందాడు. 1907లో దానికి మెకానో అని పేరు పెట్టాడు. 1930లలో ఆ కంపెనీ కారు సెట్లు కూడా అమ్మింది. టాపు, మడ్‌గార్డులు, రేడియేటరు మార్చి ఒకే ఛాసిస్ మీద రకరకాల కార్లు కట్టుకోవచ్చు. హార్న్‌బీ 1931లో పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1936లో కన్నుమూశాడు. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

ఒకే కొలత విలువ రైతుబిడ్డగా నాకు తెలుసు. కోతల రోజుల్లో ట్రాక్టరు బోల్టు ఒకటి పోతే, అదే సైజుది దొరికేదాకా మా ఇంటిల్లిపాదీ ఆకాశంకేసి చూస్తూ కూర్చునేవాళ్ళం.

ప్రాక్టికల్స్‌లో మనం బిగించి ఉన్న పరికరం దగ్గరికెళ్ళి రీడింగులు రాసుకుని వచ్చేస్తున్నాం. లోపల ఏముందో చూసేదెప్పుడు? పాడైపోయిన పరికరాలనైనా ఓ బల్ల మీద పెట్టి మా చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వండని మాస్టార్లకు నా మనవి. ఆ గుమాస్తా నేర్చుకున్నది అలాగే కదా!