ఉదయ్ శంకర్: పెయింటర్ కాబోయి.. భారతీయ నృత్యానికి కొత్త దారి వేశారు!

భరతనాట్యం, కథాకళి, మణిపురి.. ఒక్కోదానికీ ఒక్కో సంప్రదాయం, ఒక్కో గురు పరంపర. వాటన్నింటి నుంచి తనకు కావాల్సింది తీసుకుని, దేనికీ కట్టుబడకుండా కొత్త నృత్యాన్ని తయారు చేసిన కళాకారుడు ఉదయ్ శంకర్. విశేషం ఏంటంటే.. వేదిక ఎక్కేనాటికి ఆయన ఏ శాస్త్రీయ నృత్యాన్నీ పద్ధతిగా నేర్చుకోలేదు.

1900 డిసెంబర్ 8న ఉదయ్‌పూర్‌లో ఓ బెంగాలీ కుటుంబంలో పుట్టారు. బొమ్మలు వేయడం నేర్చుకుందామని లండన్ వెళ్లి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడ ఉండగానే రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవా దృష్టిలో పడ్డారు. అంతే.. జీవితం మలుపు తిరిగింది. 1923లో పావ్లోవా రాధగా, ఆయన కృష్ణుడిగా లండన్ వేదికపై ఆడారు. భారతీయ శిల్పాలు, చిత్రాల్లోని భంగిమలే అప్పట్లో ఆయనకు పాఠాలు.

ఆ తర్వాత ఇండియాకు వచ్చి, స్విస్ శిల్పి ఆలిస్ బోనర్‌తో కలిసి దేశమంతా తిరిగారు. సొంత ట్రూప్ కట్టి, 1931లో పారిస్‌లో ప్రదర్శన ఇచ్చారు. తర్వాత యూరప్, అమెరికా చుట్టేశారు. ఆ ట్రూప్‌లోని ఓ కుర్రాడే ఆయన తమ్ముడు, తర్వాతి కాలంలో సితార్ విద్వాంసుడైన రవిశంకర్.

అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. 1930ల చివర్లో హిమాలయాల్లోని అల్మోరాలో కళాకేంద్రం పెట్టారు. కథాకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్.. ఇలా మహామహులను ఒకేచోటికి తెచ్చారు. దేవుళ్ల కథలే కాదు, కార్మికుడు, యంత్రం కూడా ఆయన నృత్యానికి వస్తువులయ్యాయి. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో డబ్బుకు కటకట వచ్చి, కొన్నేళ్లకే కేంద్రం మూతపడింది.

ఆ కలనే తెరపైకి ఎక్కించారు. మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన కల్పన సినిమా 1948లో విడుదలైంది. పద్మిని తొలిసారి తెరపై కనిపించింది ఇందులోనే. బాక్సాఫీస్ దగ్గర మాత్రం ఆడలేదు. అదే సినిమాను బాగుచేసి, 2012లో కేన్స్ చిత్రోత్సవంలో మళ్లీ చూపించారు.

1971లో పద్మవిభూషణ్ అందుకున్న ఉదయ్ శంకర్, 1977 సెప్టెంబర్ 26న కోల్‌కతాలో కన్నుమూశారు. అల్మోరా కేంద్రం నిలవలేదు కానీ.. అక్కడ చదివినవాళ్లు నిలిచారు. గురుదత్ సినిమాల్లోకి వెళ్లారు. శాంతి బర్ధన్, నరేంద్ర శర్మ సొంత నృత్య బృందాలు నడిపారు. భార్య అమలా శంకర్, కూతురు మమతా శంకర్ ఆయన శైలిని తర్వాతి తరాలకు నేర్పారు. ఇవాళ మన దగ్గర కాంటెంపరరీ డ్యాన్స్ అంటున్న దారిలో తొలి అడుగులు ఆయనవే.