టెలిగ్రాం చదరంగంలో ప్రపంచ విజేతను ఓడించిన చిగోరిన్

చదరంగం ఆడేవారికి మిఖాయిల్ చిగోరిన్ పేరు కొత్త కాదు. 1850లో రష్యాలోని గాచినాలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోగా అనాథ విద్యాలయంలో పెరిగారు. గుమాస్తాగిరీ చేస్తూ ఆటలో పడ్డారు. చివరికి ఉద్యోగం వదిలేశారు. 1876 నుంచి అయిదేళ్లపాటు చదరంగ పత్రిక నడిపారు.

1889లో హవానాలో ప్రపంచ విజేత స్టైనిట్జ్‌తో తలపడి ఓడిపోయారు. అయితే అసలు తగాదా అక్కడితో తీరలేదు. అదే ఏడాది స్టైనిట్జ్ ఒక పుస్తకం వెలువరించి, రెండు ప్రారంభాలలో తాను సూచించిన ఎత్తులు తిరుగులేనివని వాదించారు. ఒకటి ఎవాన్స్ గాంబిట్. ఇందులో తెల్లపావులవారు నాలుగో ఎత్తులోనే ఒక బంటును వదులుకుని, ఎదుటివాడు దాన్ని తీసుకునేలోగా తమ బలగాన్ని బయటికి తెచ్చుకుంటారు. నల్లవారు ఆరో ఎత్తులో మంత్రిని ముందుకు తెస్తే ఆ బంటు దక్కుతుందని స్టైనిట్జ్ లెక్క. రెండోది రెండు గుర్రాల రక్షణ. తొమ్మిదో ఎత్తులో తెల్ల గుర్రాన్ని బల్ల అంచుకు జరపమన్నారు. చిగోరిన్‌కు ఈ రెండూ మింగుడుపడలేదు.

ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆ ఎత్తుల నుంచే రెండు ఆటలు ఆడాలని ఒప్పందం కుదిరింది. స్టైనిట్జ్ న్యూయార్కులో, చిగోరిన్ సెయింట్ పీటర్స్‌బర్గులో. ఎత్తులు టెలిగ్రాంలో నడిచాయి. దూరాన ఉండి ఆడటం మన ప్రాంతానికీ ఎరుకే. 1828-29లోనే మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్లు తపాలాలో పోటీ పడ్డారు.

1890లో మొదలైన ఆటలు 1891లో ముగిశాయి. ఎదురుగా కూర్చుని ఆడితే గడియారం తరుముతుంది. ఇక్కడ ఒక్కో ఎత్తుకూ రోజుల తరబడి ఆలోచించే వీలుంది గనుక తొందరలో పొరబాటు జరిగిందనే సాకు చెల్లదు. స్టైనిట్జ్ మంత్రి బయటికొచ్చి ఇరుకున పడింది, నల్లబలగం సర్దుకోలేకపోయింది. అంచుకు వెళ్లిన గుర్రమూ అక్కరకు రాలేదు. రెండు ఆటలూ చిగోరిన్‌వే. అయినా ఆ గుర్రం ఎత్తు పూర్తిగా చావలేదు. 1963లో అమెరికా ఆటగాడు ఫిషర్ దాన్నే వేసి గెలిచారు.

1892లో హవానాలో మళ్లీ ప్రపంచ పోటీ. ఇరవైమూడో ఆట గెలిస్తే ఇద్దరికీ తొమ్మిదేసి విజయాలయ్యేవి. పైచేయిగా ఉండి కూడా చిగోరిన్ కాపలా పావును కదిపారు, రెండెత్తుల్లో ఆటకట్టు. టెలిగ్రాంలో దొరికిన తీరిక అక్కడ దొరకలేదు మరి. ఆయన 1908లో లుబ్లిన్‌లో కన్నుమూశారు.