యజమాని లేకపోయినా ఆగని పని

మన బడిలో చదివి ఇప్పుడు పదిమందికి పని ఇస్తున్నవాళ్లు తక్కువేమీ లేరు. ఒకరిది రైస్ మిల్లు, ఒకరిది ప్రింటింగ్ ప్రెస్, ఒకరిది సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాది చిన్న ఇంజనీరింగ్ యూనిట్. ఎప్పుడు కలిసినా మా మధ్య వచ్చే మాట ఒకటే: మనుషులు నిలవడం లేదని. ఆర్డర్లు వస్తాయి, యంత్రాలు కొనొచ్చు, బ్యాంకు అప్పూ పుడుతుంది. నమ్మి తాళం చేతికిచ్చే మనిషి మాత్రం దొరకడు. ఇదే ఇబ్బందిని దాదాపు నూట యాభై ఏళ్ల కిందట ఎదుర్కొన్న ఒక మనిషి జీవితాన్ని ఈ సంచికలో గుర్తు చేయాలనిపించింది. ఆయన జంషెడ్‌జీ నస్సర్వాన్‌జీ టాటా.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారీలో, పార్సీ పురోహితుల వంశంలో పుట్టారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి, తండ్రి వ్యాపారంలో కొన్నాళ్లు పనిచేశారు. 1868లో 21,000 రూపాయల పెట్టుబడితో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. ఆ తర్వాత దివాలా తీసిన ఒక నూనె మిల్లును కొని బట్టల మిల్లుగా మార్చి లాభానికి అమ్మారు. ఇంగ్లండు వెళ్లి లాంకషైర్ మిల్లులను దగ్గరగా చూసి వచ్చారు. అప్పట్లో మిల్లు పెట్టేవాళ్లలో ఎక్కువమంది బొంబాయిలోనే పెట్టేవారు. ఆయన మాత్రం పత్తి పండే చోటికి దగ్గరగా ఉంటుందని నాగపూర్‌ను ఎంచుకున్నారు. అక్కడ 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు మొదలైంది.

ఆ మిల్లుకు మేనేజరుగా ఆయన ఎంచుకున్న మనిషి బెజోన్‌జీ మెహతా. అంతకు ముందు ఆయన ఉద్యోగం రైల్వే గూడ్స్ విభాగంలో. నూలు వడకడం గురించి ఆయనకేమీ తెలియదు. అయితే సరుకునూ మనుషులనూ ఒక క్రమంలో నడిపించడం తెలుసు. ఆ నేర్పును చూసే జంషెడ్‌జీ పిలిచారు. యంత్రాల సంగతి చూడటానికి లాంకషైర్ నుంచి బ్రుక్స్‌బీ అనే నిపుణుణ్ణి తెచ్చారు. ఒకరికి మనుషులు, ఒకరికి యంత్రాలు అప్పజెప్పి, తాను బొంబాయి నుంచి వచ్చిపోతూ ఉండేవారు. అనుభవం కాగితం మీద లేకపోయినా స్వభావం చూసి మనిషిని తీసుకోవడం, తీసుకున్నాక పని పూర్తిగా అతని చేతిలో పెట్టడం, ఈ రెండూ ఆయనలో చివరిదాకా కనిపిస్తాయి.

అలాగని అంతా సాఫీగా సాగలేదు. మన దేశ మిల్లుల చరిత్రలో తొలి సమ్మెల్లో ఒకటిగా చెప్పేది ఆ 1877లోనే, ఆ ఎంప్రెస్ మిల్లులోనే, కూలి రేట్ల మీద జరిగింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లకు గంట కొట్టగానే పనిలోకి రావడం అలవాటు లేదు. పండగ వస్తే, పెళ్లి వస్తే, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఊరికి వెళ్లిపోయేవారు. ఆ రోజుల్లో యజమానులకు తెలిసిన మందు జరిమానా వేయడం, లేదా పనిలోంచి తీసేయడం.

జంషెడ్‌జీ కారణం వెతికారు. నూలు మిల్లులో వేడి, దూది ధూళి మనిషిని నిలవనివ్వవు. అందుకని గాలి ఆడే ఏర్పాట్లు, తేమను నిలిపే యంత్రాలు పెట్టించారు. అగ్నిప్రమాదం జరిగితే పైనుంచి నీళ్లు చిమ్మే ఏర్పాటు చేయించారు. మానకుండా పనికి వచ్చి బాగా చేసినవాళ్లకు అందరి ముందూ బహుమతులు ఇప్పించారు. 1886లో పింఛను నిధి మొదలైంది. 1895 నుంచి పనిలో గాయపడినవారికి పరిహారం ఇచ్చారు. ప్రమాద పరిహారం మీద ఈ దేశంలో చట్టం వచ్చింది 1923లో. చదువుకున్న కుర్రాళ్లను తీసుకుని మిల్లులోనే శిక్షణ ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు.

ఇదంతా ధర్మబుద్ధి అనుకుంటే సగమే అర్థమైనట్టు. అప్పటి మిల్లుల్లో పని గంటలు ఎక్కువ, కూలి తక్కువ. ఆయన మిల్లు ఆ కాలానికి అతీతం కాదు. కానీ పని నేర్చిన మనిషి వెళ్లిపోతే పోయేది అతని కూలి ఒక్కటే కాదని, నేర్పిన కాలమంతా పోతుందని ఆయన లెక్క వేసుకున్నారు. వర్క్‌షాపులో కొత్త వెల్డరు చేయి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలిసినవాణ్ణి కనుక, ఆ లెక్క ఎంత నిజమో నేను చెప్పగలను. కొత్త లేత్ మిషన్‌కు వెనకాడకుండా సంతకం పెట్టే మనం, షెడ్డులో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు వెనకాడతాం. ఆయనకు రెండూ ఒకే ఖాతాలోని ఖర్చులు.

1886లో ఆయన కుర్లాలో మూలపడ్డ ఒక మిల్లు కొన్నారు. దానికి స్వదేశీ మిల్లు అని పేరు పెట్టారు. పాత యంత్రాలతో అది ఆయనకు పెద్ద పరీక్షే అయింది. నాగపూర్‌లో తయారైన మనుషులే అప్పుడు ఆసరాగా నిలిచారు. ఒక చోట పెంచుకున్న జట్టు ఇంకో చోటి కష్టానికి అక్కరకు వచ్చింది.

ఆయనకు మూడు పెద్ద కలలు ఉండేవి: ఉక్కు కర్మాగారం, సైన్సు విద్యాసంస్థ, జలవిద్యుత్తు. 1904 మే 19న జర్మనీలో కన్నుమూసే నాటికి ఈ మూడింటిలో ఒక్కటీ పూర్తి కాలేదు. చాలా సంస్థలు ఇక్కడే ఆగిపోతాయి. అక్కడ ఆగలేదు. కొడుకు దొరాబ్జీ, బంధువు ఆర్.డి. టాటా, ఆయన చేరదీసిన బుర్జోర్జీ పాద్షా, అమెరికా నుంచి పిలిపించిన ఇంజనీరు పెరిన్, ఇనుప ఖనిజం కోసం అడవులు గాలించిన వెల్డ్, పని మధ్యలో వదిలిపెట్టలేదు. మయూర్‌భంజ్‌లో ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ రాసిన ఉత్తరం వాళ్లకు దారి చూపింది. 1907లో కంపెనీ ఏర్పడింది. లండన్‌లో పెట్టుబడి పుట్టకపోతే బొంబాయిలో అడిగారు. మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు ఆ డబ్బు పెట్టారు. 1909లో బెంగళూరు విజ్ఞాన సంస్థ ఏర్పడింది. 1912లో ఉక్కు వచ్చింది. అదే ఏడు ఆ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలైంది. 1915లో ఖోపోలీలో విద్యుత్తు తయారైంది.

సాక్చి అనే పల్లె దగ్గర లేచిన ఆ ఉక్కు ఊరికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. వెడల్పు వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాల గుడులకూ చోటు ఉండాలని ఆయన కొడుక్కి ముందే రాసి ఉంచారు. మన ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈనాటికీ ఎన్నో ఉన్నాయి.

మన జట్టు గట్టిదా కాదా అన్నది మనం సీట్లో కూర్చున్నప్పుడు తెలియదు. యూనిట్లు నడుపుతున్న మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఒక నెల పక్కకు తప్పుకుని చూడండి. ఎవరు ఏ నిర్ణయం సొంతంగా తీసుకోగలిగారో, ఏది మీకోసం ఆగిపోయిందో రాసుకోండి. ఆగిపోయిన ప్రతిచోటా ఒక మనిషిని తయారు చేయాల్సిన బాకీ మనకు ఉంది. జంషెడ్‌జీ ఆ బాకీని బతికుండగానే తీర్చుకున్నారు.