విఠల్‌భాయి పటేలు

శాసనసభలో ఏ విషయము ముందు, ఏ విషయము వెనుక చర్చింపబడవలెనను ప్రశ్న పైకి స్వల్పముగా గానవచ్చును. కాని యా నిర్ణయము ఎవరి చేతిలో నుండునో సభయొక్క ప్రాణమును వారి చేతిలోనే యుండును. ఈ సత్యమును ఐదేండ్ల యధ్యక్షత్వముచే లోకమునకు జూపిన మహనీయుడు విఠల్‌భాయి పటేలు.

ఈయన 1873వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన గుజరాతునందలి నడియాదులో జన్మించెను. సర్దారు వల్లభభాయి ఈయనకు తమ్ముడు. ఆ తమ్ముడు న్యాయశాస్త్రాభ్యాసమునకై ఇంగ్లండు పోగోరి, ధనము కూడబెట్టి ప్రయాణపత్రములు తెప్పించుకొనగా, వి. జె. పటేలను పొడియక్షరములు ఇరువురకు నొక్కటియే యగుటచే నవి యన్న చేతబడెను. తాను ముందు పోయివత్తునని యన్న కోరగా తమ్ముడు సమ్మతించెను. విఠల్‌భాయి 1905లో నేగి, బారిష్టరై 1908లో మరలివచ్చెను. 1912లో బొంబాయి శాసనసభయందును, 1918లో ఇంపీరియలు శాసనసభయందును సభ్యుడయ్యెను. 1923లో చిత్తరంజనదాసు, మోతీలాలు నెహ్రూ మున్నగువారితో గూడి స్వరాజ్యపక్షమును నెలకొల్పి, కేంద్రశాసనసభకు నెన్నికయ్యెను.

ఆ సభకు మొదటి యధ్యక్షుడగు సర్ ఫ్రెడరిక్ వైటు ప్రభుత్వముచే నియమింపబడినవాడు. 1925 ఆగస్టు 22వ తేదీన సభ్యులే తొలిసారి యధ్యక్షు నెన్నుకొనిరి. దివాన్ బహద్దరు రంగాచారిగారికి 56 వోట్లును, పటేలుగారికి 58 వోట్లును వచ్చెను. పీఠమెక్కిన నాడే యాయన పక్షసంబంధమును వదలుకొనెను. తన జీతములో గొంత భాగమును దేశకార్యములకై గాంధీమహాత్మునకు నెలనెల బంపుచుండెను.

1926 మార్చి 8వ తేదీన స్వరాజ్యపక్షీయులు సభను విడిచి వెడలిపోయిరి. మిగిలిన సభ ప్రజాప్రతినిధిసభ కాజాలదనియు, వివాదాస్పద విషయములను ప్రభుత్వము తేరాదనియు, తెచ్చినచో సభను నిరవధికముగా వాయిదా వేయవలసివచ్చుననియు పటేలు పలికెను. రాత్రి యాలోచించుకొని, మరునాడు నిండుసభలో, బెదిరింపుగా దోచు నట్టి మాటలు తానాడకుండవలసినదని యొప్పుకొనెను. అధికారము గలవాడు తన హద్దును తానే గుర్తించుట యరుదుగదా!

1928లో రిజర్వుబ్యాంకి వివాదము పొడమెను. వెనుకటి యేట దెచ్చిన బిల్లు సభ ముందుండగనే, దానిని ప్రక్కకు ద్రోసి క్రొత్త బిల్లును బ్రవేశపెట్ట నార్థికసభ్యుడు సర్ బేసిల్ బ్లాకెట్టు యత్నించెను. అట్లు చేయుట సభామర్యాదను దుర్వినియోగపరచుటయే యని పటేలు దాని నంగీకరింపలేదు. ప్రభుత్వము పాతబిల్లునే మరల జేపట్టి, తుద కదియు విడిచిపెట్టెను.

అంతకంటె ఘోరమైన వివాదము ప్రజారక్షణబిల్లు విషయమున గలిగెను. విదేశీయులగు కమ్యూనిస్టులను దేశమునుండి వెడలగొట్టు నధికారమును గోరిన బిల్లది. 1928 సెప్టెంబరులో నిరుపక్షముల వోట్లును సమానము గాగా, అసాధారణ శాసనమును గోరువారే సభను ఒప్పింపవలెనని పలికి, పటేలు తన వోటు బిల్లునకు వ్యతిరేకముగ నిచ్చెను. 1929లో ప్రభుత్వము దానిని మరల దెచ్చెను. ఇంతలో మార్చి 20వ తేదీన కార్మికనాయకులు పలువురు నిర్బంధింపబడి, మీరటులో వారిపై కుట్రకేసు నడపబడెను. బిల్లునకును కేసునకును ఆధారము లొక్కటియే. కేసు ముచ్చట యెత్తక బిల్లును చర్చించుట యసాధ్యము. ఎత్తినచో న్యాయస్థానమందున్న వ్యవహారమున జోక్యమగును. కావున బిల్లునైన నాపుడు, కేసునైన నుపసంహరింపుడని యధ్యక్షుడు సూచించెను. సభాకార్యమును నిలుపు నధికార మధ్యక్షునకు లేదని ప్రభుత్వము వాదించెను. ఏప్రిలు 8వ తేదీన నాయన తీర్పు చెప్ప లేచినంతనే భగత్‌సింగు, బటుకేశ్వరదత్తులు సభలో బాంబులు వేసిరి. అయినను పటేలు చలింపక, 11వ తేదీన బిల్లుపై చర్చ జరుగగూడదని తీర్పుచెప్పెను. వైస్రాయి ఇర్విను మరునాడే యుభయసభలకు వచ్చి, అట్టి యధికార మధ్యక్షునకు లేకుండ నిబంధనలను మార్పింతునని ప్రకటించి, బిల్లులోని యధికారములను ఆర్డినెన్సుచే గైకొనెను.

పటేలు ఓడెనా? బిల్లు సభామోదముద్రతో శాసనము గాలేదు. ఆ భారమును ప్రభుత్వమే బహిరంగముగ మోయవలసివచ్చెను. అదియే యాయన విజయము. 1929 జనవరిలో నాయన కృషిచే ప్రభుత్వమునకు లోబడని ప్రత్యేక కార్యాలయము సభ కేర్పడెను. నేటి లోకసభా కార్యాలయమునకు మూలమదియే. 1930 ఏప్రిలులో పదవిని వదలి చెరసాల కేగి, ఆరోగ్యము చెడి యూరపునకు బోయి, 1933 అక్టోబరు 22వ తేదీన స్విట్జర్లాండులో జెనీవా సమీపమున స్వర్గస్థుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము లోకసభాధ్యక్ష పీఠమును మన తెలుగునేల బిడ్డలగు నీలం సంజీవరెడ్డిగారును, బాలయోగిగారును అలంకరించిరి.

సభ చిన్నదైనను పెద్దదైనను అధ్యక్షునకు ధర్మమొక్కటియే: బలవంతుని తొందరకు లొంగరాదు, తన తొందరను తాను క్షమింపరాదు. సభల నడపు మనకందరకు నీ చరిత్రము స్మరణీయము.