బేతాళుడి చేత ప్రశ్నలడిగించిన తెనాలి హేతువాది

తెనాలి: పంతం పట్టిన మనిషిని పట్టువదలని విక్రమార్కుడనడం తెలుగువారికి అలవాటు. ఆ మాట వినగానే నడివయసు దాటిన పాఠకుల కళ్ళ ముందు ఒక బొమ్మ మెదులుతుంది. చేత కరవాలం, భుజాన వేలాడే శవం, చుట్టూ శ్మశానపు చీకటి, ఆ చీకట్లో తల వంచకుండా నడిచిపోయే రాజు. చందమామ మాసపత్రికలో దశాబ్దాల పాటు నెలనెలా దర్శనమిచ్చిన ఆ బొమ్మను గీసినవారు చిత్రకారుడు శంకర్. బొమ్మ కింద కథను ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన వ్యక్తి పేరు మాత్రం ఆ పుటలో ఉండేది కాదు. ఆయన తెనాలి బిడ్డ కొడవటిగంటి కుటుంబరావు. దయ్యాలను నమ్మని మనిషి, దేవుణ్ణి నమ్మని మనిషి. భౌతిక శాస్త్రం చదివినవారు, మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘంలో ప్రముఖులు. అటువంటి వ్యక్తి శవంలో దూరిన బేతాళుడి చేత ఇరవై ఏళ్ళకు పైగా కథలు చెప్పించారు. ఆ కథలు పిల్లలను ఎందుకు అంతగా కట్టిపడేశాయో తెలియాలంటే ఆయన జీవితంలోకి కొంత తొంగిచూడాలి.

తల్లిదండ్రులు లేని బాల్యం

కుటుంబరావు 1909 అక్టోబరు 28న తెనాలిలో మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. అయిదేళ్ళ ప్రాయంలో తండ్రిని, పదకొండేళ్ళకు తల్లిని కోల్పోయి బంధువుల ఇంట పెరిగారు. ఆ కాలపు ఆచారం ప్రకారం పదకొండో ఏటనే వివాహమూ జరిగిపోయింది. అన్నగారు వెంకటసుబ్బయ్య కవి, కథకుడు. పాశ్చాత్య సాహిత్యపు రుచి, సామ్యవాద భావాలు తమ్ముడికి ఆయన ద్వారానే అందాయి. పదమూడేళ్ళ వయసులో కుటుంబరావు పద్యాలు అల్లారు. ఒక ఉత్కంఠభరితమైన నవలను మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. తరువాతి కాలంలో మధ్యతరగతి గుట్టును నిర్మొహమాటంగా బయటపెట్టిన రచయిత బాల్యంలో ముందుగా చేపట్టినది సాహస కథ కావడం గమనింపదగినది.

పాఠశాల చదువు తెనాలిలో 1925 వరకు సాగింది. ఇంటర్మీడియట్ గుంటూరు ఏసీ కళాశాలలో, భౌతిక శాస్త్రంలో బీఎస్సీ విజయనగరం మహారాజా కళాశాలలో పూర్తయ్యాయి. డిగ్రీ ముగిసేనాటికి ఆయన నాస్తికుడయ్యారు. 1929లో ఎమ్మెస్సీ కోసం బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు గానీ ప్రపంచాన్ని కుదిపిన ఆర్థిక మాంద్యం ఆ చదువును రెండో ఏడాదిలోనే ఆపించింది. ఆపైన వార్ధాలో గుమాస్తాగిరీ, ట్యూషన్లు. ఊళ్ళు మారుతూ, ఉద్యోగాలు మారుతూ చాలా ఏళ్ళు గడిచాయి. రచన మాత్రం ఆగలేదు. ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేశారు, కినిమా అనే సినిమా పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. 1952లో చందమామలో చేరారు. అక్కడి నుంచి 1980లో కన్నుమూసే వరకు ఆయన బల్ల మారలేదు.

చందమామను 1947 జూలైలో మద్రాసులో ప్రారంభించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి. చక్రపాణి కూడా తెనాలి వారే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. కుటుంబరావుకు కళాశాల రోజుల నుంచీ ఆయనతో పరిచయం. రాసేది మాట్లాడినట్లే ఉండాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. పిల్లవాడు నిఘంటువు వెతుక్కునే అవసరం రాకూడదు, పెద్దవాడికి చప్పగా అనిపించకూడదు. ఈ రెంటినీ కలిపి సాధించడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. పైగా తెలుగులో సిద్ధమైన కథే ఇతర భాషల చందమామలకు మూలం. మాటల గారడీతో గట్టెక్కే కథ అనువాదంలో జారిపోతుంది. కనుక కథకు లోపలి ఎముక గట్టిగా ఉండాలి. పాఠకులు పంపిన కథలను సైతం ఆయన ఈ కొలతతోనే తిరగరాసి అచ్చుకు పంపేవారు.

గోదావరి తీరం నుంచి చందమామ దాకా

బేతాళ కథలు చందమామ సొత్తు కావు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో అవి ఉన్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు, రాజధాని గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు సమర్పించి పోతుంటాడు. పదేళ్ళు గడిచాక ఒక కోతి చేతిలో ఆ పండు పగిలి లోపలి రత్నం బయటపడుతుంది. ఇన్నేళ్ళుగా భాండాగారంలో పడేసిన పండ్లన్నిటా రత్నాలే. ఇంతటి కానుకకు బదులుగా భిక్షువు కోరినది చిన్న సాయం: చీకటి రాత్రి శ్మశానానికి వచ్చి, దూరాన శింశుపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తెచ్చిపెట్టాలి.

రాజు శవాన్ని భుజానికెత్తుకుంటాడు. దానిలోని బేతాళుడు దారి అలసట తెలియకుండా ఉండడానికంటూ కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. భయపెట్టే హంగులన్నీ తీసివేస్తే మిగిలేది ఈ బిగింపే. తెలిసినవాడికి నోరు మూసుకునే హక్కు లేదు, నోరు తెరిస్తే చేసిన శ్రమ అంతా వృథా. ప్రపంచ కథా సాహిత్యంలో ఇంతకన్నా పకడ్బందీ అయిన చట్రాలు అరుదు.

ప్రశ్నలు కూడా తేలికైనవి కావు. మందారవతి అనే కన్యను ముగ్గురు యువకులు కోరుకుంటారు. పెళ్ళి కాకుండానే ఆమె మరణిస్తుంది. ఒకడు ఆమె అస్థికలను గంగలో కలపడానికి వెళతాడు. ఒకడు ఆమె చితాభస్మాన్నే శయ్యగా చేసుకుని శ్మశానంలో ఉండిపోతాడు. మూడోవాడు దేశాలు తిరిగి మృతసంజీవనీ మంత్రం సంపాదించుకు వస్తాడు. ఆమె బతుకుతుంది. ఇక ఆమె ఎవరి భార్య? బతికించినవాడి భార్య అనే సమాధానం ఎవరి నోటికైనా ముందు వస్తుంది. రాజు ఒప్పుకోడు. ప్రాణం పోసినవాడు తండ్రి వంటివాడు, అస్థికలు గంగకు మోసినవాడు కొడుకు వంటివాడు, బూడిదను విడువక పడి ఉన్నవాడే భర్త అంటాడు. ఈ తీర్పుతో నేటి పాఠకుడు ఏకీభవించనక్కరలేదు. అసలు ఆమెను అడగవలసిన పని లేదా అన్న ప్రశ్న ఇప్పటి ఆడపిల్ల వేస్తే రాజు దగ్గర సమాధానం ఉండదు. అయినా కథ విన్నవాడు కాసేపు ఆలోచించకుండా పక్కకు జరగలేడు.

మూలంలో చివరి ప్రశ్న వద్ద రాజు నిజంగానే ఓడిపోతాడు. తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెళ్ళాడితే వారి పిల్లల మధ్య వరుస ఏమవుతుందన్న చిక్కుకు సమాధానం తోచక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు భిక్షువు పన్నాగాన్ని బయటపెడతాడు. బలి కావలసిన రాజు భిక్షువునే తెగవేస్తాడు. అక్కడితో కథ కంచికి చేరుతుంది.

చందమామలో ఆ కథ కంచికి చేరలేదు. 1950ల్లో మొదలైన శీర్షికకు పాత కథలు పాతిక ఎన్నాళ్ళో సరిపోవు. నెలకొకటి చొప్పున రెండేళ్ళలో అయిపోతాయి. శీర్షికను ఆపే బదులు చట్రాన్ని నిలిపి కొత్త కథలను అందులో ఇమిడ్చారు. కుటుంబరావు ప్రతిభ ప్రకాశించినది ఇక్కడే. రాజులు, మంత్రులతో పాటు రైతులు, వర్తకులు, పిసినారులు, అసూయపరులు, మాట తప్పినవారు, మాట కోసం నష్టపోయినవారు బేతాళుడి కథల్లోకి వచ్చారు. ప్రశ్న ఎప్పుడూ మనిషి ప్రవర్తన మీదనే. చేతికందిన సంపదను అతడు ఎందుకు కాదన్నాడు? అంతటి ఉపకారం పొందినవాడు అలా ఎందుకు మాట్లాడాడు? పైకి తప్పుగా తోచిన పని వెనుక న్యాయం ఉంటుంది, త్యాగంగా కనిపించిన దాని వెనుక స్వార్థం ఉంటుంది. చదువు, వారసత్వం, ఐశ్వర్యం వంటి రచనల్లో పెద్దల కోసం ఆయన చేసిన పనీ దాదాపు ఇదే. అక్కడ మధ్యతరగతి ఇల్లు, ఇక్కడ శ్మశానం; అంతే తేడా.

మరొక సంగతి. సమాధానం కథ బయటి నుంచి రాదు. ఏ దేవుడూ ప్రత్యక్షమై చెప్పడు. కావలసిన వివరాలన్నీ కథలోనే ఉంటాయి, శ్రద్ధగా చదివినవాడికి దొరుకుతాయి. భౌతిక శాస్త్ర విద్యార్థికి లెక్క ఇచ్చే పద్ధతి ఇది. ప్రశ్న రాగానే పుట మీద చెయ్యి అడ్డుపెట్టుకుని, తమ జవాబు ముందు అనుకుని, తర్వాత విక్రమార్కుడి జవాబుతో సరిచూసుకున్న పిల్లలు తెలుగునాట లెక్కలేనంత మంది. జవాబు కలిస్తే రాజుతో సమానమైనంత గర్వం. కలవకపోతే ఇంట్లో పెద్దవారితో వాదన. దయ్యం కథ చదివి దయ్యాన్ని మరచి న్యాయాన్ని గురించి పోట్లాడుకునే పిల్లలను తయారు చేసినందుకు ఆ హేతువాదిని తప్పుపట్టడం కష్టం.

మాంత్రికులు, లోయలు, రాక్షసులు

బేతాళుడితో పాటు చందమామను నిలబెట్టిన మరో ఆకర్షణ సాహస ధారావాహికలు. వాటిని రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం. ఆయనదీ గుంటూరు జిల్లాయే. 1952లోనే చందమామలో చేరిన ఆయన 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం మీదుగా భల్లూక మాంత్రికుడు వరకు పన్నెండు ధారావాహికలు అందించారు. శిఖిముఖి, విక్రమకేసరి వంటి యువకులు అడవులు దాటుతుంటే పిల్లలు కూడా వెంట నడిచారు. చిత్ర అనే పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు వికృతాకారాలకు రూపమిచ్చారు. ప్రతి నెలా కథ సరిగ్గా ప్రమాదపు అంచున ఆగేది. మిగిలిన నెలంతా పిల్లలకు నరకయాతన.

ఈ మంత్రాల కథలంటే చక్రపాణికి అంత మక్కువ ఉండేది కాదు. ఒక దశలో వాటిని ఆపించి బంకించంద్రుడి దుర్గేశనందిని వంటి నవలను ధారావాహికగా వేశారు. సాహిత్యపు విలువలో బంకించంద్రుడికి వంక పెట్టేదేముంది? కానీ పాఠకులు ఒప్పుకోలేదు. పత్రిక అమ్మకాలు తగ్గాయి. మాంత్రికులు, రాక్షసులు మళ్ళీ తిరిగి రాక తప్పలేదు. పిల్లలకు ఏది మంచిదో పెద్దలు నిర్ణయించగలరు గానీ ఏది నచ్చాలో నిర్ణయించలేరని ఆ కార్యాలయంలో అందరికీ తెలిసివచ్చిన సందర్భమది. గ్రీకు మహాకావ్యం ఒడిస్సీని రూపధరుడి యాత్రలుగా, ట్రాయ్ సుందరి హెలెన్ కథను భువనసుందరిగా చందమామ పిల్లలకు అందించిందన్నదీ మరువరాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలు హోమర్ పేరు వినకముందే ఒంటికన్ను రాక్షసుణ్ణి ఎరుగుదురు.

పేరు లేని పేరు

పెద్దల సాహిత్యంలో కొ.కు. అన్న రెండక్షరాలకు ఎంతో బరువు. కథలు, నవలికలు, సినిమా, సంగీతం, విజ్ఞాన శాస్త్రం, రాజకీయాల మీద వ్యాసాలు విస్తారంగా రాశారు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నారు. చందమామలో ఆయన పేరు సంపాదకుడిగా కనిపించలేదు. పత్రికను ప్రతినెలా వాక్యం వాక్యం సరిచేసిన వ్యక్తి ఎవరో లక్షలాది బాల పాఠకులకు తెలియదు. తెలియకపోవడం న్యాయమేనా అని బేతాళుడు అడిగి ఉంటే విక్రమార్కుడు ఏమనేవాడో ఊహించవచ్చు. కుటుంబరావు మాత్రం జీతానికి చేసే పనిలా కాక, సాహిత్య సృష్టికి ఇచ్చినంత శ్రద్ధే దానికీ ఇచ్చారు. ఆయన కుమారుడు, అణు శాస్త్రవేత్త, సంగీతజ్ఞుడు అయిన రోహిణీప్రసాద్ తరువాతి రోజుల్లో తండ్రి గురించి, చందమామ కార్యాలయం గురించి రాసిన వ్యాసాల వల్లనే చాలామందికి ఈ సంగతులు తెలిశాయి. కుమార్తె శాంతసుందరి హిందీ, తెలుగు భాషల మధ్య అనువాదకురాలిగా పేరు పొందారు.

1980 ఆగస్టు 17న కుటుంబరావు మరణించారు. బేతాళుడు ఆగలేదు. ఇతర రచయితల కథలతో శీర్షిక కొనసాగింది. శంకర్ కుంచె బొమ్మలు వేస్తూనే ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో, శంకర్ 2020లో కన్నుమూశారు. శంకర్‌కు మరణానంతరం 2021లో పద్మశ్రీ ప్రకటించారు. చందమామ ప్రచురణ 2013 నాటికి ఆగిపోయింది. అప్పటికి విక్రమార్కుడు శవంతో ఇంకా దారిలోనే ఉన్నాడు.