కొలతకు లెక్క నేర్పిన విట్‌వర్త్

జనగామలో ఏదో ఒక హార్డ్‌వేర్ షాపులో అరంగుళం నల్లా కొనండి. మహబూబాబాద్‌లో ఇంకో షాపులో అరంగుళం జీఐ సాకెట్ తీసుకోండి. భూపాలపల్లిలో కూర్చుని ఒకదాంట్లో ఒకటి తిప్పండి. పట్టేస్తుంది. ఆ నల్లా చేసినవాళ్లూ, ఆ సాకెట్ చేసినవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. అయినా రెండింటి థ్రెడ్ కోణం ఒకటే, 55 డిగ్రీలు. దాన్ని 1841లో ఖాయం చేసినాయన జోసెఫ్ విట్‌వర్త్. మెకానికల్ విద్యార్థులు మెట్రాలజీ పేపర్లో ఒక్క లైన్‌లో చదివి వదిలేసే పేరు ఇది. జీడీ అండ్ టీ, అంటే జామెట్రిక్ డైమెన్షనింగ్ అండ్ టాలరెన్సింగ్ నేర్చుకుని డిజైన్‌లోనో, క్వాలిటీలోనో ఉద్యోగం కొట్టాలనుకునేవాళ్లు మాత్రం ఈయన కథ కాస్త నిదానంగా చదవాలి. డ్రాయింగ్ మీద మనకు గుర్తులుగా కనిపించే చాలా సమస్యలతో ఈయన తన వర్క్‌షాపులో చేతులారా కుస్తీ పట్టాడు.

1803 డిసెంబర్ 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. తల్లి చిన్నప్పుడే పోయింది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి డెర్బీషైర్‌లో మేనమామ నడిపే నూలు మిల్లులో పెట్టారు. పని నేర్చుకుంటే రేపు భాగస్వామి అవుతాడని ఇంట్లోవాళ్ల లెక్క. కుర్రాడి కళ్లు మాత్రం నూలు మీద లేవు, నూలు వడికే యంత్రాల మీద ఉన్నాయి. ఆ యంత్రాలు ఎంత మోటుగా తయారయ్యాయో అతనికి కనిపించింది. నాలుగేళ్లు చూసి, మిల్లు వదిలేసి మాంచెస్టర్ వెళ్లి మామూలు మెకానిక్‌గా చేరిపోయాడు. చేతికందే మేనమామ వ్యాపారం కాదని వర్క్‌షాపులో ఫైలు పడితే మన ఇళ్లలో ఎంత గొడవవుతుందో చెప్పక్కర్లేదు.

1825లో లండన్ చేరాడు. అక్కడ మాడ్‌స్లే, హోల్ట్‌జాఫెల్, జోసెఫ్ క్లెమెంట్ అనే ముగ్గురు పేరున్న మెషిన్ మేకర్ల దగ్గర పనిచేశాడు. చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి భాగాలు చేసింది ఈ క్లెమెంట్ షాపే. కాలేజీ లేదు, సర్టిఫికెట్ లేదు. ఈ ఎనిమిదేళ్లే విట్‌వర్త్ చదువు.

ఆ రోజుల్లో కచ్చితమైన పని అంటే పనివాడి చేతి నేర్పే. చదునైన ఇనుప పలక కావాలంటే రెండు పలకల మధ్య ఎమరీ పొడి వేసి రుద్దేవారు. పొడి అన్నిచోట్లా సమానంగా నలగదు కాబట్టి పలక కూడా సమానంగా అరగదు. పైగా రెండు పలకలు ఒకదానికొకటి అతికినంత మాత్రాన అవి చదును అని కాదు. ఒకటి కాస్త ఉబ్బి, రెండోది అంతే లోతుగా ఉన్నా చక్కగా అతుకుతాయి. అందుకే మూడు పలకలు కావాలి. ఏ అనే పలక ఉబ్బుగా ఉందనుకోండి. దానికి సరిపెట్టిన బీ, సీ రెండూ లోతుగానే తయారవుతాయి. ఆ బీ మీద సీ పెట్టగానే మధ్యలో ఖాళీ బయటపడుతుంది. మూడింటినీ మార్చి మార్చి ఏ జత పెట్టినా అతికాయంటే మూడూ చదునుగా ఉండాల్సిందే. మూడు పలకల పద్ధతి ఘనత మొత్తం విట్‌వర్త్‌కే ఇవ్వలేం, మాడ్‌స్లే షాపుకు కూడా అందులో వాటా ఉంది. కానీ రంగు పూసి, ఎత్తుగా తగిలిన చుక్కలను మాత్రమే స్క్రేపర్‌తో గీకాలని పట్టుబట్టి, 1840లో గ్లాస్గో సభలో దాన్ని లోకానికి వివరించింది ఈయనే. మీ కాలేజీ ల్యాబ్‌లో మూల పడి ఉన్న సర్ఫేస్ ప్లేట్ వంశం ఇదే. జీడీ అండ్ టీలో డేటమ్ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది నిర్వచనం ఒప్పజెప్పి ఆగిపోతారు. పార్టును ఆ ప్లేట్ మీద పెట్టి, ఏ ముఖం ఆనించి కొలుస్తారో చూపించగలిగితే చాలు, అడిగినాయనకు మీకు పని తెలుసని అర్థమవుతుంది.

1833లో మాంచెస్టర్ తిరిగొచ్చి అద్దె గదిలో సొంత షాపు పెట్టాడు. లండన్ నుంచి వచ్చిన టూల్ మేకర్‌నని బోర్డులో రాయించుకున్నాడు. అప్పటికి ఏ షాపు బోల్టు ఆ షాపు నట్టుకే పట్టేది. యంత్రం ఒక ఊళ్లో పాడై, చేసిన షాపు ఇంకో ఊళ్లో ఉంటే అంతే సంగతులు. విట్‌వర్త్ కొత్త కోణం కనిపెట్టలేదు. పెద్ద పెద్ద షాపుల్లో వాడుతున్న బోల్టులు పోగేసి, కొలిచి, సగటు తీశాడు. 55 డిగ్రీలు అలా వచ్చిందే. అందరూ కాస్త కాస్త సర్దుకుంటే చాలు, ఎవరూ పూర్తిగా ఓడిపోనక్కర్లేదు. రైల్వేలు దాన్ని అందుకున్నాయి. క్రిమియా యుద్ధంలో గన్‌బోట్లకు తొంభై జతల ఇంజన్లు అర్జెంటుగా కావాల్సి వస్తే, భాగాలను దేశంలోని వేర్వేరు షాపులకు పంచి చేయించి, తెచ్చి బిగించగలిగారు. థ్రెడ్ ఒకటే కాబట్టి అది కుదిరింది.

1851 లండన్ మహా ప్రదర్శనలో పెట్టిన కొలత యంత్రం ఇంకా ఆశ్చర్యం. అంగుళానికి 20 చుట్ల స్క్రూ, దానికి 200 పళ్ల చక్రం, దాన్ని తిప్పే ఇంకో చక్రం మీద 250 గీతలు. గుణించి చూడండి, పది లక్షలు. ఒక్క గీత తిప్పితే అంగుళంలో పది లక్షలో వంతు కదులుతుంది. ఆ యంత్రంలో కడ్డీని వేలితో తాకితే ఆ కాస్త వేడికి అది సాగడం కూడా పట్టుబడేది.

అయితే మన సబ్జెక్టుకు అసలైన ముక్క 1857లో వచ్చింది. మెకానికల్ ఇంజినీర్ల సంస్థ సభ్యుల ముందు ఆయన ఒక రింగ్ గేజ్, రెండు ప్లగ్‌లు పెట్టాడు. రింగ్ రంధ్రం 0.5770 అంగుళం. ఒక ప్లగ్ 0.5770, రెండోది 0.5769. తేడా అంగుళంలో పదివేలో వంతు, అంటే రెండున్నర మైక్రాన్లు. మొదటిది బిగుతుగా పట్టింది. రెండోది అసలు ఆ రంధ్రానికి చేసిందేనా అన్నంత లూజు. బిగుతు, లూజు అని మేస్త్రీ చేతికి మాత్రమే తెలిసే సంగతి అంకెగా మారిపోయింది. అంకె అయిందంటే కాగితం మీద రాయొచ్చు, చూడని మనిషికి పంపొచ్చు.

ఈ అంకె సైజు సంగతి చెబుతుంది కానీ, రంధ్రం ఎక్కడుండాలో, ఎంత అటూ ఇటూ అయినా పర్లేదో చెప్పదు. ఆ పని తర్వాతి తరాలది. స్కాట్లాండ్‌లో టార్పెడో ఫ్యాక్టరీలో పనిచేసిన స్టాన్లీ పార్కర్ 1938 ప్రాంతంలో ఒక తిరకాసు పట్టుకున్నాడు. ప్లస్ ఆర్ మైనస్ పద్ధతిలో రంధ్రం కేంద్రానికి దొరికేది చదరపు జాగా. ఆ చదరం మూలలో ఉన్న రంధ్రం పాసవుతుంటే, కేంద్రం నుంచి అంతే దూరంలో పక్కకున్న రంధ్రం ఫెయిలవడమేంటి? చదరం మూలలు తాకేలా వృత్తం గీస్తే జాగా 57 శాతం పెరుగుతుంది. మంచి పార్టులు తుక్కులోకి పోవు. పొజిషన్ టాలరెన్స్‌లో ఆ గుండ్రటి గుర్తు ఎందుకొచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

విట్‌వర్త్ దెబ్బతిన్న చోటు కూడా చెప్పాలి. 1854లో ప్రభుత్వం రైఫిల్ సంగతి చూడమంటే, ఆరు పలకల గొట్టంతో ఒక రైఫిల్ చేశాడు. పరీక్షల్లో అది ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను చిత్తుగా ఓడించింది. 1860లో విక్టోరియా రాణి వింబుల్డన్‌లో 400 గజాల నుంచి పేల్చిన మొదటి గుండు దీనిదే. ఇంత చేసినా సైన్యం తీసుకోలేదు. ఖరీదు చాలా ఎక్కువ. సన్న గొట్టంలో తూటా అంత బిగుతుగా ఉంటే మందు మసి పేరుకుని ఇరుక్కునేది. లెక్కలో గెలిచి మైదానంలో ఆగిపోయింది. డ్రాయింగ్ మీద ప్రతి కొలతకూ బిగుతు టాలరెన్స్ కొట్టేసే కొత్త ఇంజినీర్‌కు షాప్ ఫ్లోర్‌లో పడే తిట్లు ఇవే. అక్కడ ఎంత వదిలేస్తే పని నడుస్తుందో తేల్చుకోవడం కూడా ఈ సబ్జెక్టులో భాగమే.

మనిషి మెత్తనివాడు కాదు. మాటకారీ కాదు. పంతం ఎక్కువ, అధికారులతో అస్తమానం పేచీలే. కానీ తన షాపులో ఆయన చూసిందొకటుంది: పనివాడికి లెక్క రాదు, చదువుకున్నవాడికి ఫైలు పట్టడం రాదు. 1868లో లక్ష పౌండ్లు తీసి, ఏటా వంద పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్‌లు పెట్టాడు. పరీక్షలో గణితం, మెకానిక్స్‌తోపాటు కమ్మరి పని, టర్నింగ్, ఫిట్టింగ్ కూడా పెట్టారు.

మన మూడు జిల్లాల పిల్లలకు ఇలాంటి శిక్షణ మరీ దూరమేం కాదు. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి నడుస్తోంది. ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఒకటి అడగండి: పార్టు చేతికిచ్చి హైట్ గేజ్, డయల్, సీఎంఎం మీద కొలిపిస్తారా, లేక స్క్రీన్ మీద గుర్తులు పెట్టించి పంపేస్తారా? రెండోదైతే ఆ డబ్బు దాచుకోవడమే మేలు.

1869లో ఆయనకు బారొనెట్ బిరుదు ఇచ్చారు. 1887 జనవరి 22న మాంటే కార్లోలో పోయాడు. ఆస్తిలో పెద్ద భాగం మాంచెస్టర్‌లో ఆర్ట్ గ్యాలరీకి, ఆస్పత్రికి, చదువులకు వెళ్లింది. స్కాలర్‌షిప్‌ను ఇప్పటికీ బ్రిటన్ మెకానికల్ ఇంజినీర్ల సంస్థ ఇస్తోంది. డిగ్రీకి ముందు వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకుని వచ్చినవాళ్లకే అది.